గుమ్మడికొండ మీద యుద్ధ ప్రకటన

సింహవలస సంస్థానంలో విమానం నేర్చుకుంటూ చనిపోవడాన్ని నిషేధిస్తూ దివాను గారు ఉత్తర్వు జారీ చేసే నాటికి గెద్ద సన్యాసి చనిపోయి ఉన్నాడు. అందుచేత ఆ ఉత్తర్వును వెనకటి తేదీ నుంచి అమలు జరపవలసి వచ్చింది.

వెనకటి తేదీ నుంచి అమలు జరిపితే, సన్యాసి నేరం చేసినవాడవుతాడు. నేరస్థుణ్ణి దళంలో ఉంచుకోకూడదు గనక చనిపోవడానికి ముందురోజే అతన్ని కొలువులోంచి తొలగించారు. మరి తొలగించిన మనిషి విమానంలో ఎందుకున్నాడు? దొంగతనంగా ఎక్కి ఉండాలి. ఈ విధంగా ఒక్క కలంపోటుతో సంస్థానానికి ప్రమాదం తప్పిపోయి, దొంగతనం మాత్రం మిగిలింది.

ఉత్తర్వు చేత పట్టుకుని కందాళ శఠగోపాచార్యులు విమానాల కొట్టం ముందు చాలాసేపు నిలబడిపోయాడు. సంస్థానం మొత్తానికి విమానం నేర్పే గురువు ఆయనొక్కడే. గుళ్లో శఠారి పట్టుకోవలసిన చేత్తో విమానం కర్ర పట్టుకున్నాడని పెదనాన్న ఆయన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడం మానేశాడు. ఆచార్యులు దానికేమీ బాధపడలేదు. మద్రాసులో ఎగరడం నేర్చుకున్నాడు, హాయిగా ఎగిరాడు. యుద్ధం వచ్చాక సింహవలస రాజావారు కబురు పెడితే వచ్చి కొలువులో చేరాడు.

రాజావారికి జర్మనీ మీద కోపమేమీ లేదు. ఆయన బాధల్లా ఫిరంగులు. పొరుగు సంస్థానాధీశుడు ఎక్కడికి వెళ్లినా తొమ్మిది ఫిరంగులు పేల్చి సలాము చేస్తారు. మన రాజావారికి దీపావళికి తప్ప ఏమీ పేలవు. ఇలా ఉండగా పై సర్కారువారు ఒక ఆశ చూపించారు. యుద్ధానికి విమాన చోదకులను తయారుచేసి ఇచ్చే సంస్థానానికి తొమ్మిది ఫిరంగుల గౌరవం దక్కుతుంది, అయితే శిక్షణలో ప్రాణనష్టం ఉండకూడదు అని. రాజావారు ఆ మర్నాడే వేరుశనగ చేను చదును చేయించి, ఎక్కడో వాడి వదిలేసిన మూడు విమానాలు తెప్పించారు. ఎగరడమనేది వంశంలో ఉండాలని ఆయన నమ్మకం. అందుకని ఇంటిపేర్లు చూసి కుర్రాళ్లను ఎంపిక చేశారు. గెద్ద సన్యాసి అలా వచ్చాడు. చిలక రామ్మూర్తి అలాగే వచ్చాడు. పిచ్చిక నరసింగరావు కూడా. కోడి వారి అబ్బాయి ఒకడు వస్తే, ఎగిరినా ఎక్కువ దూరం పోలేడని వెనక్కి పంపేశారు.

అంతా బాగానే ఉండేది, కుడి పక్కన కోట లేకపోతే.

రాజావారి శిరస్సుకన్న ఎత్తున ఎవరూ ఉండకూడదన్నది సింహవలసలో తాతల నాటి కట్టుబాటు. ఊళ్లో ఒక్క మేడ లేకపోవడానికి కారణమదే. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు కూడా కోటకేసి తిరిగి దండం పెట్టి మరీ ఎక్కాలి. కాబట్టి విమానం లేచాక కుడికి తిరగడానికి వీల్లేదు. ఎన్నిసార్లు లేచినా ఎడమకే తిరగాలి. ఎడమ పక్క గుమ్మడికొండ. ఎడమకే తిప్పి తిప్పి, తోకలోని చుక్కానిని ఎడమకు లాగే ఉక్కుతీగె అరిగి పోగులు లేచింది. సన్యాసి తిప్పుతుండగా అది తెగింది. విమానం వెళ్లి గుమ్మడికొండకు కొట్టుకుంది.

ఆచార్యులు ఇదంతా చెబుదామని దివాను వడ్లమాని విశ్వపతి పంతులు గారి కచేరీకి వెళ్లాడు.

పంతులుగారు కళ్లజోడు పైకి తోసి సావధానంగా విన్నారు.

"అంటే తీగె మార్చాలంటారు."

"మిగిలిన రెండు విమానాల్లోనూ మార్చాలి. మార్చేదాకా ఎగరకూడదు."

"ఆచార్యులవారూ, మరమ్మతు ఎప్పుడు చేస్తాం? యంత్రం చెడినప్పుడు. యంత్రం చెడిందని ఎలా తెలుస్తుంది? ప్రమాదం జరిగితే. ప్రమాదం జరిగిందా? జరగలేదు. దొంగతనం జరిగింది. దొంగతనం జరిగితే తాళం మారుస్తాం గానీ తీగె మారుస్తామా?"

"పోనీ, కుడికి తిరగనివ్వండి."

పంతులుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఏలినవారి నెత్తి మీంచా? ఆ మాట ఈ గోడలు విన్నా మంచిది కాదు. కొట్టానికి తాళం వేయిస్తాను, సంతోషమేనా?"

అన్నంత పనీ చేసి మంచి ఇత్తడి తాళం పంపించారు.

ఆ వారంలోనే సన్యాసి తండ్రి గెద్ద పోలయ్య కొట్టం దగ్గరికి వచ్చాడు. ఈతచాపలు అల్లుకునే మనిషి. కోర్టువారు పంపిన సమను పంచె కొంగులో కట్టుకుని తెచ్చాడు. విమానం దొంగిలించిన నేరానికి సంజాయిషీ చెప్పుకోవడానికి సన్యాసి స్వయంగా హాజరు కావాలని అందులో ఉంది.

"సదివి ఇనిపించినారు బావూ," అన్నాడు పోలయ్య. "మా గుంటడు దొంగతనం సేసినాడా?"

"లేదు పోలయ్యా. నేనే ఎక్కించాను."

"సచ్చిపోయినాడని ఏడిసినాను. ఆ ఏడుపు నాకు సాలు బావూ. దొంగోడి బాబునని ఊరోళ్లు నా ముకం సూడట్లేదు. సచ్చినోడికి ఈ పేరేటి?"

సన్యాసికి నేల మీద ఉన్నంతసేపూ సిగ్గు. విమానమెక్కి కూర్చుంటే మాత్రం గొంతెత్తి పాడేవాడు, అదీ అపస్వరంలో. ఆ పాట కింద నిలబడి వినడం ఆచార్యులకు అలవాటై పోయింది. పోలయ్య వెళ్లిపోయాక ఆయన రెండో విమానం తోక విప్పి, ఉన్న తీగెలో అరగని ముక్కలు ఏరి ముడివేశాడు. ముడి నిలుస్తుందని ఆయనకు నమ్మకం లేదు.

ముడి నిలవలేదు. ఆచార్యులు జ్వరంతో పడుకున్న రోజున దివాను గారి తాకీదు మీద చిలక రామ్మూర్తి ఒక్కడే ఎక్కాడు. వాడూ గుమ్మడికొండ మీదే పడ్డాడు.

ఈసారి కుర్రాళ్లు తిరగబడ్డారు. మిగిలినవాళ్లలో పెద్దవాడు నరసింగరావు. వాడు దివాను గారి ఎదుటే చెప్పేశాడు. "చచ్చిపోవడానికి మాకు భయం లేదండి. చచ్చాక దొంగలమవడానికే ఇష్టం లేదు."

పంతులుగారు ముచ్చటపడ్డారు. "న్యాయమైన కోరిక. లోపం మా ఉత్తర్వులోనే ఉంది," అని ఒప్పుకుని, మర్నాటికల్లా దాన్ని సవరించారు.

సవరణ ఇలా ఉంది. శిక్షణలో ప్రాణనష్టం జరగరాదు. శిక్షణ అనేది ఉంటేనే కదా అందులో ప్రాణనష్టం జరిగేది? కావున సంస్థానంలో విమాన శిక్షణ నేటితో రద్దు. దళంలో చేరిన ప్రతివాడూ చేరిన క్షణం నుంచే సంపూర్ణ విమాన చోదకుడు. ఇకపై ఎవరైనా చనిపోతే అది యుద్ధంలో చేసిన ప్రాణత్యాగం. రామ్మూర్తికి ఇది వెనకటి తేదీ నుంచి వర్తిస్తుంది. సన్యాసి సంగతి కోర్టులో ఉంది గనక దాన్ని కదపరాదు.

"యుద్ధం ఎవరితోనండి?" అన్నాడు ఆచార్యులు. "వాళ్లు పడింది గుమ్మడికొండ మీద."

పంతులుగారు కాసేపు కలం చెవిలో తిప్పుకున్నారు. ఆ పాడు ప్రశ్న ఆచార్యులు ఎందుకడిగాడో గానీ, తర్వాత చాలాకాలం నాలుక కరుచుకున్నాడు.

"నిజమే," అన్నారు పంతులుగారు. "మన ఇద్దరు చోదకులను పొట్టన పెట్టుకున్నది ఎవరు? గుమ్మడికొండ. ఇంత అపకారం జపానువాడు మనకు చేశాడా?"

గుమ్మడికొండను శత్రుదేశంగా ప్రకటించారు. కొండకింద పారే గెడ్డ సరిహద్దు అయింది.

ఆ కబురు కొండవాళ్లకు చెప్పడానికి దండోరావాడు అప్పన్న డప్పు తీసుకుని గెడ్డ దాటాడు. తోడుగా ఆచార్యులను పంపారు, చోదకుడు ఎదట ఉంటే ప్రకటనకు నిండుదనం వస్తుందని. కొండ మీద మేకలు కాచుకునే గొల్లల ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాళ్లకు పెద్ద సింగారమ్మ అనే ముసలావిడ. మనవరాలికి పేలు చూస్తూ ఆవిడ దండోరా అంతా వింది.

"ఏటి బావూ, మామేటి సేసినాం?"

"మీరేమీ చెయ్యలేదమ్మా," అన్నాడు ఆచార్యులు. "మీరు శత్రువులు, అంతే."

"ఎవులికి?"

"రాజావారికి."

సింగారమ్మ ఆలోచించింది. "అయితే బావూ, శత్రువులు పుల్లరి కట్టాలా?"

మేకలు మేసినందుకు కట్టే పుల్లరి గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. అప్పన్న తల గోక్కున్నాడు. "శత్రువు కప్పం కడితే ఆడు సామంతుడైపోతాడు గదా అమ్మా. శత్రువు కట్టకూడదు."

"అలాగైతే మేం శత్రువులమే," అంది సింగారమ్మ. "దివాను బావుకి నా దండాలు సెప్పండి."

నెల తిరక్కుండా చుట్టుపక్కల పల్లెలు తమనూ శత్రువులుగా గుర్తించమని అర్జీలు పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక పల్లెవాళ్లు తమ తాతలు రాజావారి తాతగారి గుర్రాన్ని రాయి పెట్టి కొట్టారని సాక్ష్యాలతో సహా రుజువు చేశారు. పంతులుగారు వాటన్నిటినీ తిరగగొట్టారు. సీతాఫలాలు అమ్ముకునే గొల్ల ఆడవాళ్లకు గెడ్డ దగ్గర అనుమతి చీటీలు పెట్టారు. రాజావారికి సీతాఫలాలంటే ప్రాణం గనక కోట వంటవాడు రోజూ చీకటి పడ్డాక గెడ్డ దాటి శత్రువుతో రహస్య మంతనాలు జరిపేవాడు.

ఇంతవరకూ ఆచార్యులు లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాడు. ఆ నవ్వు కాస్తా ఒకనాటి కచేరీలో ఆరిపోయింది.

రామ్మూర్తి వీరమరణం గురించి పై సర్కారువారికి రాస్తే వాళ్లు మెచ్చుకుంటూ జవాబు రాశారు. శిక్షణలో ఒక్క ప్రాణమూ పోలేదు, యుద్ధంలో ఒక ప్రాణం అర్పించారు, భేష్ అని. త్వరలో ఒక కర్నల్ దొర వచ్చి స్వయంగా తనిఖీ చేస్తాడు. రాజావారు ఆనందం పట్టలేక సింహాసనం మీద అటూ ఇటూ కదిలారు.

"ఒక్క వీరమరణానికే ఇంత మెప్పా!" అన్నారు. "పంతులూ, మరో రెండు మూడైతే?"

"తొమ్మిది ఫిరంగులు పదకొండు కావడానికి అవకాశం కలదు, ఏలినవారూ," అన్నారు పంతులుగారు. తర్వాత ఆచార్యుల వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగారు. "కర్నల్ దొర వచ్చేలోగా ఇంకెన్నిసార్లు ఎడమకు తిరగగలరు?"

ఆచార్యులు కొట్టానికి తిరిగి వచ్చేసరికి మూడో విమానం తోక దగ్గర నరసింగరావు గొంతుక్కూర్చుని తీగె చూస్తున్నాడు. దానికి పోగులు అప్పుడే లేచి ఉన్నాయి.

"రేపు నన్నెక్కమన్నారు మాస్టారూ," అన్నాడు వాడు. వాడి మూతి మీద మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు.

"ఎక్కుతావు. నేనూ ఎక్కుతాను. మిగతావాళ్లను వెనకాల నడిచి రమ్మను."

తెల్లారి అందరూ చూస్తుండగా విమానం బయలుదేరింది. ముందు సీట్లో నరసింగరావు, వెనక ఆచార్యులు. చేను చివరి దాకా పరిగెత్తింది. లేవలేదు. పైగా వేగం తగ్గించుకుని, నింపాదిగా ఎడమ పక్క బండిదారి పట్టింది. జొన్నచేల మధ్య నుంచి ఎద్దుబండిని తప్పించుకుంటూ, రెక్కలు ఊపుకుంటూ గెడ్డ దగ్గరికి చేరుకుంది. చోదకులందరూ వెనకాల పెళ్లి ఊరేగింపులా నడిచారు. సరిహద్దు కాపలావాడికి ఎగిరే విమానాన్ని ఏం చెయ్యాలో తెలుసు గానీ నడిచే విమానాన్ని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. సలాము కొట్టి పక్కకు తప్పుకున్నాడు. మోకాలి లోతు నీళ్లలో కుర్రాళ్లందరూ తోశారు. విమానం శత్రుదేశంలో మేకలు మేసే బయలు మీదికి ఎక్కి ఆగింది.

ఆచార్యులు దిగి, రెండు చేతులూ పైకెత్తాడు.

"సింగారమ్మా, మేం లొంగిపోయాం. మమ్మల్ని ఖైదు చేసుకో."

ముసలావిడ విమానాన్నీ, ఆయన చేతులనూ మార్చి మార్చి చూసింది. "ఖైదు సేసుకోడానికేటి గానీ బావూ, ఇంతమందికి కూడెక్కడెట్టను? సోడంబలి తప్ప మా కాడేటుంది?"

"ఖైదీకి ఇష్టాయిష్టాలు ఉండవమ్మా."

ఆ పూట కందాళ శఠగోపాచార్యులు గొల్ల ఇంటి రాగి అంబలి తాగాడు. పెదనాన్న గుర్తొచ్చాడు. రెండోసారి పోయించుకున్నాడు.

సింహవలసలో పెద్ద గగ్గోలు పుట్టింది. సైన్యాన్ని పంపుదామంటే సంస్థానానికి ఉన్నది కోట జవాన్లు మాత్రమే. వాళ్లలో సగం మంది మేనత్తలు గుమ్మడికొండ మీదే ఉన్నారు. అవతల కర్నల్ దొర రాక దగ్గర పడుతోంది, ఆకాశంలో చూపించడానికి పిట్ట లేదు. చివరికి విశ్వపతి పంతులుగారే పల్లకీ ఎక్కి, దానికి తెల్లగుడ్డ కట్టించుకుని, గెడ్డ ఒడ్డుకు వచ్చారు. ఇవతల ఒడ్డున ఆయన పీట వేసుకున్నారు. అవతల ఒడ్డున సింగారమ్మ రాయి మీద కూర్చుంది. ఖైదీ గనక ఆచార్యులు ఆవిడ వెనకాల నిలబడ్డాడు.

"ఆచార్యులవారూ, ఇది రాజద్రోహం," అన్నారు పంతులుగారు.

"ఓటమి, పంతులుగారూ. యుద్ధంలో ఓడిపోయాం. మాట్లాడవలసింది గెలిచినవారితో."

పంతులుగారు సింగారమ్మ వైపు తిరిగారు. "బందీలను, విమానాన్ని విడుదల చేయుటకు మీ షరతులేమి?"

సింగారమ్మ వేళ్లు మడిచింది. ముందురోజంతా ఆచార్యులు ఆవిడకు వల్లె వేయించాడు. "మా బయల్లో ఇమానం ఆగింది గావట్టి పరిహారం ఇయ్యాల. కొత్త ఉక్కుతీగెలు. రెండు పక్కలవీ. కలకత్తా సరుకు."

పంతులుగారి మొహం వెలిగింది. "మరమ్మతుకు తీగెలు ఇచ్చుటకు నాకు అధికారం లేదు. శత్రువుకు యుద్ధ పరిహారం చెల్లించుటకు సంపూర్ణాధికారం కలదు. మంజూరు."

"ఇమానం కుడేపు కూడా తిరగాల."

వెలుగు ఆరిపోయింది. "ఏలినవారి శిరస్సు మీది నుంచి!"

"మేం ఎగరలేం గదా బావూ. గెలిసినోళ్లం, మా గెలుపు గుర్తుగా ఆ గుంటలు ఎగురుతారు."

పంతులుగారు కళ్లు మూసుకుని ధర్మసూక్ష్మం వెతికారు. దొరికింది. "ప్రజలు చేసిన ఎడల అది ధిక్కారం. సంధి షరతు అయిన ఎడల అది రాజనీతి. మంజూరు."

ఆచార్యులు అప్పుడు ముందుకొచ్చాడు. "ఇంకొకటి ఉంది. గెద్ద సన్యాసి మీద దొంగతనం కేసు కొట్టేయాలి."

"అది శత్రువుకు సంబంధించిన విషయం కాదే!"

"మా కొండ మీద సచ్చిపోయినాడు. మా మనిసే," అంది సింగారమ్మ. ఈ మాట ఆచార్యులు నేర్పింది కాదు.

పంతులుగారు తలవంచారు. "మంజూరు. అయితే ఒక మనవి. ఈ సంధిని మనం లోకానికి చాటరాదు. గుమ్మడికొండ మిత్రదేశం అయిన మరుక్షణం మా చోదకుల వీరమరణాలు ప్రమాదాలుగా మారిపోవును. మా ఫిరంగులు పోవును."

"మాకూ పుల్లరి మళ్లీ వచ్చెస్తాది," అంది సింగారమ్మ.

ఈ విధంగా ఇరుపక్షాలూ యుద్ధాన్ని ఇలాగే కొనసాగించుకోవడానికి స్నేహపూర్వకంగా అంగీకరించి సంధి చేసుకున్నాయి. సింగారమ్మ వేలిముద్ర వేసింది. పంతులుగారు సంతకం చేసి, తిరుగు ప్రయాణంలో పల్లకీ నిండా సీతాఫలాలు వేయించుకున్నారు.

తీగెలు వచ్చాయి. ఆచార్యులు తన చేతులతోనే బిగించి, ముందు తానే ఎక్కి, కుడికీ ఎడమకీ తనివితీరా తిప్పి చూశాడు. తర్వాత నరసింగరావును ఒంటరిగా పంపాడు. వాడు కోట మీదికి వచ్చేసరికి మేడ మీదున్న రాజావారు గభాలున గొడుగు వేయించుకున్నారు. గొడుగు నెత్తిన ఉండగా పైన ఎవరున్నట్టూ కాదని పంతులుగారు అభిప్రాయం ఇచ్చారు. పది రోజులకల్లా రాజావారు గొడుగు పక్కన పడేసి చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. ఆచార్యులు కుర్రాళ్లందరికీ చెయ్యి పట్టి నేర్పాడు. శిక్షణ రద్దయి ఉంది గనక దాన్ని కచేరీ వాళ్లు 'విహారం' అని రాసుకున్నారు. ఆ విహారంలో ఎవరూ చనిపోలేదు. కర్నల్ దొర వచ్చి, చూసి, మెచ్చుకున్నాడు. తొమ్మిది ఫిరంగులూ పేలాయి. ఆ చప్పుడుకు గుమ్మడికొండ మీద మేకలు చెల్లాచెదురైతే, యుద్ధం మొదలైనప్పటి నుంచీ శత్రువుకు జరిగిన నష్టం అదొక్కటేనని సింగారమ్మ తిట్టుకుంది.

కేసు కొట్టేసిన కాగితం తీసుకుని ఆచార్యులు పోలయ్య ఇంటికి వెళ్లాడు. సన్యాసి ఇప్పుడు దొంగ కాడని, వీరుడని చదివి వినిపించాడు.

పోలయ్య ఈతాకు చీలుస్తూనే విన్నాడు. "దొంగన్నారు. ఇప్పుడు ఈరుడంటన్నారు. ఇంతకీ ఏటై సచ్చిపోయినాడు బావూ మా గుంటడు? నిజం సెప్పీసినోడు ఒక్కడూ లేడు."

"తీగె తెగి చచ్చిపోయాడు పోలయ్యా. అరిగిపోయిన తీగె. మారిస్తే బతికేవాడు."

పోలయ్య చేతిలో కత్తి ఆగిపోయింది. గుమ్మంలోంచి వింటున్న పెళ్లామూ, పోలయ్యా అప్పుడు తనివితీరా ఏడ్చారు. ఆచార్యులు కదలకుండా వాళ్ల అరుగు మీదే కూర్చున్నాడు.

ఆ మాట పోలయ్య ద్వారా కొండకు చేరింది. సన్యాసి పడినచోట సింగారమ్మ ఒక రాయి పాతించింది. కొండ కింద ఊరి నుంచి కాసెపనివాణ్ణి పిలిపించి ఇద్దరు కుర్రాళ్ల పేర్లూ చెక్కించింది. పేర్ల కింద ఒక్కటే మాట: 'తీగె తెగి చనిపోయారు.'

కచేరీలో ఈ సంగతి తెలిసి పంతులుగారు మండిపడ్డారు. ఆ రాయి శత్రువులు చేస్తున్న దుష్ప్రచారమనీ, దాన్ని తక్షణం పెకలించాలనీ ఉత్తర్వు రాయించారు. జవాన్లు గునపాలు భుజాన వేసుకుని గెడ్డ దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చేశారు. ఉత్తర్వు చెల్లదట. ఆ రాయి పరాయి దేశంలో ఉంది.